గురువు లేనిచోట గణితము: రేఖీయ బీజగణిత స్వయంశిక్షణ సాధనముల పుట్టుపూర్వోత్తరములు

ఇంటర్మీడియట్‌లో మాత్రికల పాఠము చదివిన వారెల్లరు ఎరిగిన గాస్-జోర్డాన్ పద్ధతికి మూలము, ఆ పేర్లు గల ఐరోపా పండితులకంటె ఎన్నియో శతాబ్దములకు ముందు చీనాదేశమున కానవచ్చును. తొమ్మిది అధ్యాయములుగా విభక్తమైన ఒక ప్రాచీన గణితగ్రంథమున ఎనిమిదవ అధ్యాయపు తొలి లెక్క ధాన్యమును గూర్చినది. మేలురకపు కట్టలు మూడు, మధ్యరకము రెండు, నాసిరకము ఒకటి కలిసిన 39 కొలతల గింజలు వచ్చును. రెండు, మూడు, ఒకటి చొప్పున తీసికొన్న 34. ఒకటి, రెండు, మూడు చొప్పున తీసికొన్న 26. ఒక్కొక్క రకపు కట్ట యెంత యిచ్చును? ఆ కాలపు గణకులు వెదురుపుల్లలను వరుసలుగా పేర్చి, ఒక వరుసను గుణించి, దానినుండి వేరొక వరుసను తీసివేయుచు, తెలియని రాశుల నొక్కొక్కటిగా తొలగించి, 9¼, 4¼, 2¾ అను సమాధానమును రాబట్టిరి. క్రీ.శ. 263లో లియూ హుయి యను పండితుడు ఆ గ్రంథమునకు వ్యాఖ్య వ్రాసి, ఆ ప్రక్రియ ఏల చెల్లునో వివరించెను. నాకు తెలిసినంతలో, ఈ శాస్త్రమును ఒంటరిగా నేర్వగోరు పాఠకునకు దొరకిన మొదటి చేయూత ఆ వ్యాఖ్యయే.

1810 ప్రాంతమున గాస్ పల్లాస్ అను గ్రహశకలముయొక్క కక్ష్యను నిర్ణయించుటకు ఆరు రాశులు గల ఆరు సమీకరణములను ఈ తొలగింపు మార్గముననే సాధించెను.

అయితే రేఖీయ బీజగణితమునకు భావరూపమున ప్రాణము పోసినవాడు తానే స్వయంశిక్షితుడగుట గమనింపదగిన విషయము. స్టెటిన్ నగరమున 1809లో జన్మించిన హెర్మన్ గ్రాస్‌మన్ బెర్లిన్‌లో క్రైస్తవ మతశాస్త్రమును, భాషాశాస్త్రమును చదివెనేగాని, విశ్వవిద్యాలయమున గణితోపన్యాసములు వినినవాడు కాడు. గణితమును తనంతట తాను అభ్యసించి, బడిపంతులుగా జీవించుచు, సదిశలు, వాని సంయోగములు, స్వతంత్రత, పరిమాణము మొదలగు భావముల నన్నిటిని 1844లో ప్రకటించిన గ్రంథమున ఆవిష్కరించెను. దానిని చదివినవారు మిక్కిలి అరుదు. అమ్ముడువోని ప్రతులు చిత్తుకాగితములుగా పోయెను. 1862లో దానిని తిరిగి వ్రాసి సొంత ఖర్చుతో అచ్చొత్తించినను ఫలితము లేదు. తుదకు ఆ మహనీయుడు సంస్కృతమువైపు మరలి, 1873 మొదలుకొని ఋగ్వేద నిఘంటువును వెలయించి, దానివలన పొందిన గౌరవమును గణితమువలన బ్రతికియుండగా పొందజాలకపోయెను. తాను ఏకాకిగా నేర్చినవాడయ్యును, తనవంటి ఏకాకి పాఠకుడు ఎక్కుటకు ఆయన మెట్లు కట్టలేదు. ఆ గ్రంథము విఫలమగుటకు ఇదియే ముఖ్యకారణమని నా అభిప్రాయము.

1858లో కేలీ అను పండితుడు మాత్రికల గుణకారమును వ్యవస్థీకరించెను; 1888లో ఇటలీ పండితుడు పియానో గ్రాస్‌మన్ భావములను స్పష్టమైన సూత్రములుగా కూర్చెను; 1942లో హాల్మోస్ అను గణితాచార్యుడు చిన్న పుస్తకమొకటి వ్రాసి విశ్వవిద్యాలయ విద్యార్థులకు సదిశాంతరాళములను సన్నిహితము చేసెను.

యంత్రయుగమున వచ్చిన సాధనము కథ వేరు. 1970ల చివర అమెరికాలో న్యూమెక్సికో విశ్వవిద్యాలయమున బోధించుచుండిన క్లీవ్ మోలర్, మాత్రికల గణనకై తాను సహచరులతో కలిసి నిర్మించిన ప్రోగ్రాములను తన విద్యార్థులు వాడవలెనన్న, వారు ముందు ఫోర్ట్రాన్ భాషలో తంటాలు పడవలసివచ్చుటను చూచి, మాత్రికను టైపు చేసినంతనే జవాబిచ్చు సరళమైన లెక్కయంత్రము వంటి దానిని సిద్ధపరచెను. అదియే మాట్‌ల్యాబ్. 1984లో అది వ్యాపారవస్తువయ్యెను. ఇంచుమించు అట్టి పనినే ఉచితముగా చేయు ఆక్టేవ్ సైతము విస్కాన్సిన్‌లో రసాయన ఇంజనీరింగు పాఠ్యపుస్తకమునకు తోడుగా పుట్టినదే.

ఇక గణితాచార్యుడు గిల్బర్ట్ స్ట్రాంగ్ సంగతి. అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో ఆయన 1999లో చెప్పిన రేఖీయ బీజగణిత పాఠములు వీడియోలుగా లోకమునకెల్ల ఉచితముగా లభించుచున్నవి. మొదటి పాఠములోనే ఆయన 2x − y = 0, −x + 2y = 3 అను రెండు సమీకరణములను బల్లపై వ్రాసి, రెండు తీరుల చూపును. అడ్డువరుసలుగా చూచిన అవి (1, 2) వద్ద ఖండించుకొను రెండు గీతలు. నిలువువరుసలుగా చూచిన (2, −1) అను సదిశ నొకమారు, (−1, 2) అను సదిశను రెండుమార్లు కలిపిన (0, 3) వచ్చును. లెక్క యొకటే, కాని రెండవ చూపు అలవడిన వానికి సదిశాంతరాళమను మాట యిక భయము గొలుపదు. ఆరు దశాబ్దములు బోధించి 2023లో ఆయన విరమించెను. నేడు ఆక్స్‌లర్ అను ఆచార్యుని రేఖీయ బీజగణిత గ్రంథపు నాలుగవ కూర్పు, హెఫరాన్ అను వేరొక ఆచార్యుని పాఠ్యపుస్తకము ఉచితముగా లభించును, మన ఐ.ఐ.టి.ల అధ్యాపకుల ఎన్.పి.టి.ఇ.ఎల్. ఉపన్యాసములును కలవు. స్ట్రాంగ్ పాఠములు వినుచు, ప్రతి లెక్కను ముందు కాగితముపై సాధించి, పిమ్మట ఆక్టేవ్‌తో సరిచూచుకొని, ఆపై ఆక్స్‌లర్‌ను పట్టుట మేలైన క్రమము.

గాస్‌ను తొలగింపు మార్గమునకు నడిపినది పల్లాస్ కక్ష్యయైనను, మోలర్, స్ట్రాంగ్ వంటివారి సాధనములు పుట్టినది విద్యార్థి యెచ్చట తడబడుచున్నాడో కన్న అధ్యాపకుని దృష్టినుండియే. మన కళాశాలలలో మాత్రికలు బోధించువారు తరగతిలో విద్యార్థికి తెలుగున చెప్పు వివరణమునే శ్రద్ధతో రికార్డు చేసి, క్రమముగా అమర్చి, ఉచితముగా అందింతురుగాక అని నా విన్నపము.