ముళ్ళపంది కుర్రాడూ, తియ్యటి మాత్రలూ

1731లో లండన్ రాయల్ సొసైటీ పెద్దల ముందుకు సఫోక్ ప్రాంతపు కూలీ ఒకడు తన 14 ఏళ్ళ కొడుకును తీసుకొచ్చి నిలబెట్టాడు. కుర్రాడి పేరు ఎడ్వర్డ్ లాంబర్ట్. మొహం, అరచేతులు, అరికాళ్ళు అందరికిలాగే ఉన్నాయి. తక్కిన ఒళ్ళంతా నల్లగా, బిరుసుగా, ముళ్ళపంది ముళ్ళను కత్తిరిస్తే మిగిలిన మోళ్ళలా ఉంది. చెయ్యివేసి నిమిరితే గరగరమని చప్పుడు. పుట్టినప్పుడు పిల్లాడు నున్నగానే ఉన్నాడట. రెండు నెలలు నిండే వేళకు రంగు మారి, తోలు మందమెక్కడం మొదలైందట.

ఈ సంగతులన్నీ సొసైటీ కార్యదర్శి జాన్ మాచిన్ రాసిపెట్టాడు. అందులో ఒక ముక్క దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. కడుపుతో ఉన్నప్పుడు తల్లి దేన్నీ చూసి జడుసుకోలేదని ఆయన ప్రత్యేకంగా రాశాడు. అంటే, ఆ ప్రశ్న ముందే పుట్టిందన్నమాట! సముద్రాల అవతలైతేనేం, పిల్లాడి ఒంటిమీద ఏదైనా కనిపిస్తే మొదట నిలదీసేది తల్లినే. "గ్రహణం నాడు వాకిట్లోకి వచ్చావా? కడుపుతో ఉండి పామును గాని చూశావా?" అని మన ఇళ్ళల్లో మాత్రం అడగరూ?

ఈ జబ్బుల కుటుంబానికి డాక్టర్లు పెట్టిన పేరు ఇక్తియోసిస్. గ్రీకు భాషలో చేపకున్న పేరునుంచి వచ్చింది ఆ మాట. ఒళ్ళు చేప పొలుసుల్లా రేగుతుంది గనక అలా పిలిచారు. ఇందులో తేలిక రకాలూ ఉన్నాయి, లాంబర్ట్‌కు వచ్చినట్టు బహు అరుదైనవీ ఉన్నాయి. వంశంలో దిగేదే గాని ఒకరినుంచి ఒకరికి అంటుకునేది కాదు.

1755లో హెన్రీ బేకర్ అనే ఆయన లాంబర్ట్‌ను మళ్ళీ చూశాడు. అప్పటికి అతనికి దాదాపు 40 ఏళ్ళు. తన్నుతాను జనానికి ప్రదర్శించుకుని పొట్టపోసుకుంటున్నాడు. ఆరుగురు పిల్లలు పుడితే ఆరుగురికీ అదే తోలు. బతికి బట్టకట్టిన ఒక్క కొడుకూ తండ్రి పక్కనే ఉన్నాడు. మరి వైద్యం చేయించుకోలేదా అంటే, చేయించుకున్నాడు పాపం. ఆ రోజుల్లో పాదరసం ఇచ్చి, నోటివెంట చొంగ ధారకట్టేదాకా ఉంచేవారు. ఆ నరకం రెండుసార్లు పడ్డాడు. పడినప్పుడల్లా బిరుసంతా ఊడిపోయి, లోపలినుంచి తెల్లటి, నున్నటి చర్మం బయటపడింది. మశూచికం వచ్చినప్పుడూ అంతే. తీరా ఒళ్ళు కోలుకునేసరికి, మళ్ళీ ఎప్పటి తోలే!

ఊడిపోయిన ఆ నాలుగు రోజుల్లో చూసినవాళ్ళు "ఆహా, ఏం మందు!" అనే అనుకుని ఉంటారు. ఈ జబ్బు చరిత్రలో తెలుసుకోవలసినదంతా ఇక్కడే ఉంది. పొలుసు రాలడం వేరు, జబ్బు పోవడం వేరు.

సరిగ్గా ఆ 1755లోనే జర్మనీలోని మైసెన్ ఊళ్ళో శామ్యూల్ హానిమన్ పుట్టాడు. హోమియోపతికి మూలపురుషుడు ఆయనే. తన కాలపు డాక్టర్లు పాదరసాలు పట్టించడమూ, నెత్తురు తీయడమూ చూసి విసిగిపోయి, కొత్త దారి వెతుక్కున్నాడు. ఆరోగ్యవంతుడిలో ఏ పదార్థం ఏ లక్షణాలు పుట్టిస్తుందో, ఆ లక్షణాలున్న రోగికి అదే పదార్థాన్ని బహు సూక్ష్మంగా ఇవ్వాలన్నాడు. 1810లో 'ఆర్గనాన్' అనే గ్రంథం వేశాడు. ఆయన మందు ఎవరినీ హింసించలేదు. ఆ కాలానికి అది చిన్న సంగతి కాదు. అందుకే ఆ తియ్యటి మాత్రలు మన దేశం వచ్చి ఇంటింటా స్థిరపడ్డాయి. మన గుడివాడలో 1945లోనే హోమియో కళాశాల వెలిసింది.

అయితే ఆ సూక్ష్మం ఎంత సూక్ష్మమో కాస్త చూడండి. ఒకవంతు మందును 99 వంతుల ద్రవంలో కలిపి, అందులో ఒకవంతు తీసి మళ్ళీ 99 వంతుల్లో కలిపి, ఇలా 30 సార్లు చేస్తే ముప్పై పొటెన్సీ అవుతుంది. పన్నెండోసారి దాటేసరికే మూలపదార్థపు అణువు ఒక్కటి మిగలడం కూడా అనుమానమే. పుట్టుకతోనే వంశబీజంలో ఉన్న లోపాన్ని ఆ మాత్ర సరిచేస్తుందని ఎవరూ రుజువు చేయలేదు.

మాత్రతో మాట అటుంచండి. నాకు దిగులు కలిగించేది వేరే. 1828లో హానిమన్ దీర్ఘవ్యాధుల మీద మరో గ్రంథం రాశాడు. మొండి రోగాల్లో చాలావాటికి మూలం 'సోరా' అనే దోషమనీ, అది గజ్జితో వచ్చేదనీ, పైపూతలతో గజ్జిని అణిచేస్తే దోషం లోపలికి పోయి వేయి రోగాలై తేలుతుందనీ అన్నాడు. ఆ తర్వాత ఆరేళ్ళకు, 1834లో, పారిస్‌లో రెనూచి అనే కోర్సికా విద్యార్థి గజ్జి పురుగును సూదిమొనతో తీసి అందరికీ చూపించాడు. ఆ విద్య అతనికి ఎవరు నేర్పారనుకున్నారు? కోర్సికాలో పేదింటి ఆడవాళ్ళు అలా సూదితో తీస్తుండగా చూసి నేర్చుకున్నాడు! గజ్జికి కారణం పురుగేనని తేలిపోయింది.

తేలినా, పాత మాట మాత్రం చావలేదు. "పైన ఏమీ రాయకండి, జబ్బు లోపలికి పోతుంది" అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇక్తియోసిస్ ఉన్న పిల్లకు ఇంతకన్న అన్యాయం లేదు. లోపలికి పోవడానికి అక్కడ దోషమేమీ లేదు. చర్మం తేమను పట్టి ఉంచుకోలేదు, అంతే. నూనె మానేస్తే చర్మం బిగుసుకుపోయి, మడమలూ మడతలూ పగిలి, చీము పట్టే ప్రమాదం కూడా ఉంది.

"మరి మా వాడికి మాత్రలతోనే తగ్గిందే!" అనే తల్లి అబద్ధం చెప్పడం లేదు. తేలిక రకం ఇక్తియోసిస్ చలికాలంలో ముదిరి, గాలిలో వెచ్చదనం, తేమ పెరిగాక నెమ్మదిస్తుంది. చలికి తాళలేక మార్గశిరంలో మాత్రలు మొదలుపెడతాం, వేసవికి పిల్లాడి కాళ్ళు నునుపెక్కుతాయి. యశస్సు మాత్రకు దక్కుతుంది.

అసలు మందే లేకుండా పొలుసు రాలిన సందర్భమూ ఉంది. 1951లో ఇంగ్లండులోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఆస్పత్రిలో మేసన్ అనే డాక్టరు 16 ఏళ్ళ కుర్రాడికి హిప్నాటిజం చేసి, ఎడమ చెయ్యి బాగవుతుందని చెప్పాడు. కొద్ది రోజులకే ఆ చేతి పొలుసు రాలిపోయింది. మరుసటి ఏడు వైద్యపత్రికలో అచ్చయితే లోకం నివ్వెరపోయింది. అదే వైద్యం తర్వాత ఇంకొందరికి చేసి చూస్తే ఫలించలేదు. ఫలించలేదని మేసనే చెప్పాడు. ఆ నిజాయితీకి దణ్ణం పెట్టాలి.

ఇప్పుడు కారణాలు చాలావరకు తెలిశాయి. తేలిక రకానికి మూలం ఫిలాగ్రిన్ అనే మాంసకృత్తిని తయారుచేసే జన్యువులో లోపమని 2006లో కనుక్కున్నారు. కొన్ని రకాలు తల్లిదండ్రులిద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉంటేనే బిడ్డలో బయటపడతాయి. మేనరికాల్లో అవి ఎక్కువగా కనిపించడానికి అదే కారణం. లాంబర్ట్ వంశంలో ఇది మగవాళ్ళకే వచ్చిందని పుస్తకాలు చాలాకాలం పాఠం చెప్పాయి. 1958లో పెన్‌రోజ్, స్టెర్న్ అనే శాస్త్రజ్ఞులు పాత దాఖలాలు తిరగేసి, ఆడపిల్లలకూ వచ్చిందని తేల్చారు. అన్నాళ్ళూ ఆ పిల్లలు లెక్కలోకే రాలేదు!

జన్యువును మార్చే మందు మన అటకమీద లేదు. ఒంటికి హాయినిచ్చే వైద్యం మాత్రం చేతిలోనే ఉంది. గోరువెచ్చటి నీళ్ళు పోసి, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనో, వాజిలైనో, చర్మవైద్యులు రాసిన క్రీమో పట్టించడం. ఒక రోజూ రెండు రోజులూ కాదు, రోజూ. ముదిరిన రకాల్లో చెమట సరిగా పట్టదు గనక ఎండాకాలం పిల్లల్ని చల్లగా ఉంచాలి. మాత్ర వేస్తే మీ మనసుకు తృప్తి అనుకుంటే వేసుకోండి గాని, నూనె గిన్నెను మాత్రం అటకెక్కించకండి.

ఇక తల్లిని ఏమీ అడగనక్కరలేదు. ఆవిడ 1731లోనే జవాబు చెప్పేసింది.