పిల్లల్లో పుట్టుకతో వచ్చే గుండె లోపాలు, జన్యు సిండ్రోమ్‌లు: చరిత్ర

పుట్టే ప్రతి వెయ్యి మంది శిశువుల్లో సుమారు 8 మందికి గుండె నిర్మాణంలో ఏదో ఒక లోపం ఉంటుంది. వీరిలో ఎక్కువ మందికి లోపం గుండెకే పరిమితం. మిగిలిన వారిలో అది డౌన్, టర్నర్, నూనన్ వంటి సిండ్రోమ్‌లలో ఒక భాగం.

కెనడా వైద్యురాలు మాడ్ ఆబట్ 1936లో వెయ్యి కేసులతో అట్లాస్ ప్రచురించే నాటికి ఇలాంటి గుండెల గురించి తెలిసిందంతా చాలావరకు శవపరీక్షల వల్లే. 1944లో బాల్టిమోర్‌లో బ్లూ బేబీలకు (గుండె లోపం వల్ల ఒళ్లు నీలంగా మారే శిశువులకు) శస్త్రచికిత్స మొదలయ్యాక పిల్లలు బతికి మళ్లీ మళ్లీ ఓపీకి రాసాగారు. గుండె వైద్యులు ముఖాలను కూడా పరిశీలించింది అప్పటి నుంచే. పల్మనరీ కవాటం ఇరుకైన తన రోగుల్లో కొందరు ఏ చుట్టరికమూ లేకుండానే ఒకరినొకరు పోలి ఉండటం అమెరికా వైద్యురాలు జాక్వెలిన్ నూనన్ గమనించారు: పొట్టి మనిషి, ఎడంగా ఉన్న కళ్లు, వాలిన రెప్పలు, కిందికి ఉన్న చెవులు. ఆ సిండ్రోమ్‌కు ఆమె పేరే స్థిరపడింది. దాని ప్రధాన జన్యువు మాత్రం 2001లో గానీ దొరకలేదు.

డౌన్ సిండ్రోమ్ కథ ఇంత సాఫీగా లేదు. 1866లో వర్ణించిన ఈ స్థితికి 21వ క్రోమోజోమ్ అదనంగా ఉండటమే కారణమని 1959లో తేలింది. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది. వీరిలో తరచుగా కనిపించే లోపంలో కర్ణికల మధ్య గోడ, జఠరికల మధ్య గోడ నడిమిన కలవవు; రెండు కవాటాలు ఉండాల్సిన చోట ఒకటే ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి రక్తం ఉరవడిగా చేరి, నెలల్లోనే అక్కడి రక్తనాళాలు బిరుసెక్కుతాయి. ఆ తర్వాత ఆపరేషన్ చేసినా లాభం ఉండదు. అంటే, ‘చూద్దాం’ అనడం కూడా ఒక తీర్పే. అయినా 1970లలో పాశ్చాత్య దేశాల్లోనే చాలాచోట్ల బుద్ధిమాంద్యాన్ని సాకుగా చూపి వీరికి ఆపరేషన్ చేసేవారు కాదు. అది వైద్యపరమైన నిర్ణయం కాదు, వివక్ష. తర్వాతి ఫలితాలు ఆ వాదనను పూర్వపక్షం చేశాయి: ఈ లోపానికి ఆపరేషన్ అయ్యాక డౌన్ పిల్లలు మిగతా పిల్లలకు దీటుగా బతుకుతున్నారు. ఇప్పుడు సాధారణంగా ఆరు నెలలలోపే చేస్తారు.

సిండ్రోమ్ లేని లోపాలన్నీ జన్యువులతో సంబంధం లేనివని అనుకోరాదు. కర్ణికల మధ్య రంధ్రం తరతరాలుగా కనిపించే కొన్ని కుటుంబాల్లో ఎన్‌కేఎక్స్2-5 జన్యువు మార్పులను 1998లో గుర్తించారు. దగ్గరి బంధువుల పెళ్లిళ్లలో ఈ లోపాలు ఎక్కువని పలు అధ్యయనాలు చెబుతున్నాయి. మేనరికాలు మామూలైన తెలుగునాట ఇది పట్టించుకోవలసిన సంగతి. గర్భిణికి సోకే రుబెల్లా కూడా బిడ్డ గుండెను దెబ్బతీస్తుందని ఆస్ట్రేలియా కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్ 1941లోనే చెప్పారు. ఒక్క టీకాతో అడ్డుకోగల కారణం అది.