బేస్ గిటారు చోటు నుంచి మన పందిళ్ల చరిత్ర

నాటక సమాజాల గురించి, హరిదాసుల గురించి, బుర్రకథ దళాల గురించి ఎంతో కొంత రాతలో ఉంది. శ్రీరామనవమి పందిళ్లలో, వినాయక చవితి నవరాత్రుల్లో, తీర్థాల్లో, పెళ్లిళ్లలో తెల్లవార్లూ జనాన్ని కూర్చోబెట్టిన సినిమా పాటల ఆర్కెస్ట్రాల గురించి మాత్రం మన ఊళ్లో ఒక కరపత్రం కూడా మిగల్లేదు. 1982 నుంచి 2006 దాకా గోదావరి జిల్లాల ఆర్కెస్ట్రాల్లో బేస్ గిటారు వాయించినవాణ్ణి కాబట్టి, నాకు తెలిసినంతవరకు మన సంఘం స్వర్ణోత్సవ సంచికలో రాసిపెడుతున్నాను.

ముందు ఈ వాద్యం సంగతి చెప్పాలి. బేస్ గిటారుకు నాలుగు లావుపాటి తీగలు. మనిషి ఎత్తుండే డబుల్ బేస్ చేసే పనిని భుజాన తగిలించుకునే వాద్యంతో చేసేలా 1951లో అమెరికాలో లియో ఫెండర్ 'ప్రెసిషన్ బేస్' తెచ్చాడు. అన్నిటికన్నా కింది స్థాయి తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. వినేవాళ్లు దాన్ని విడిగా గుర్తుపట్టరు. తాళానికీ శ్రుతికీ ముడి వేసేది మాత్రం అదే.

మేం బడిలో చదివే రోజుల్లో వార్షికోత్సవానికి హార్మోనియం, తబలా ఉంటే అదే గొప్ప. ఊరి ఆర్కెస్ట్రాల్లో అకార్డియన్, మాండొలిన్, బాంగోలు ఉండేవి. బేస్ ఉన్నా సా, ప స్వరాల మధ్య తిరుగుతుండేది. ఇళయరాజా పాటలు వచ్చాక ఆ పద్ధతి చాల్లేదు. ఆయన పాటల్లో బేస్ తనకంటూ ఒక వరస పట్టుకుని, గాయకుడి వరసకు ఎదురు నడుస్తుంది. ఆ పాటల్లో ఎన్నింటికో బేస్ వాయించిన శశిధరన్ గారి పేరు క్యాసెట్ అట్ట మీద ఉండేది కాదు కానీ, మా బోటివాళ్లకు కనబడని గురువు ఆయనే. 'సీతాకోకచిలుక' 1981లో, 'సాగర సంగమం' 1983లో, 'గీతాంజలి' 1989లో వచ్చాయి. వీటిలో పాటలు అడగని పందిరి లేదు. బేస్ లేకుండా వాటిని వాయిస్తే బోసిగా ఉండేవి. అలా చిన్న ఊళ్ల ఆర్కెస్ట్రాల్లోనూ బేస్ వాయించేవాడికి చోటు దొరికింది.

ఆ రోజుల్లో సినిమా సంగీతానికీ ఊరి ఆర్కెస్ట్రాకూ మధ్య గోడ లేదు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు సినిమాల తొలినాళ్లలో మద్రాసులో లైట్ మ్యూజిక్ బృందం నడిపారు. అందులో వాయించినవాళ్లలో ఇళయరాజా, గంగై అమరన్ ఉన్నారు. మేం ఆ ఎత్తుకు వెళ్లలేదు కానీ, ఎక్కిన మెట్లలో మొదటిది అదే.

నేర్చుకోవడానికి పుస్తకాల్లేవు. గిటారు పట్టుకోవడం నాకు చర్చిలో పాటలకు వాయించే ఒక మాష్టారు నేర్పారు. గోదావరి జిల్లాల్లో గిటారు వాయించేవాళ్లు చాలామంది చర్చిలోనే మొదలుపెట్టారు. తర్వాతంతా చెవి చదువే. చిన్న టేప్ రికార్డర్‌లో కింది స్వరాలు సరిగా పలకవు. దాన్ని ఖాళీ కుండ మూతి మీద పెడితే కాస్త తెలిసేవి. అలా ఒక్కో పాటను పదిసార్లు వెనక్కి తిప్పి వినేవాళ్లం. ఇంతా చేసి నేర్చుకున్నాక, సింగర్‌కు ఆ రాత్రి గొంతు బాగాలేక ఒకటిన్నర శ్రుతి పాటను ఒకటికి దించమంటే, వేదిక మీద అప్పటికప్పుడు వేళ్లన్నీ జరపాల్సిందే.

మా దగ్గరున్నవి ఎక్కువగా కలకత్తాలో తయారైన గివ్సన్ గిటార్లు. 1982లో నాకు రాత్రికి 60 రూపాయలు ఇచ్చేవారు. ఒక సెట్టు తీగల ఖరీదు రెండు ప్రోగ్రాముల డబ్బు. అందుకని చెమటకు మొద్దుబారిన తీగలను విప్పి, నీళ్లలో మరిగించి, ఆరబెట్టి మళ్లీ బిగించేవాళ్లం. మరికొన్నాళ్లు కొత్తవాటిలా మోగేవి.

పని రైతు పనిలాగే కాలాన్ని బట్టి నడిచేది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంతో కోనసీమలో ఊళ్లు కదిలేవి. తర్వాత శివరాత్రి, శ్రీరామనవమి, వేసవి పెళ్లిళ్లు. ఆషాఢంలోనూ మూఢంలోనూ చేతులు ముడుచుకుని కూర్చోవడమే. చవితికి మళ్లీ ఊపిరి వచ్చేది, దసరా దాటి కార్తీక వనభోజనాల దాకా ఉండేది. మెటాడోర్ వ్యాన్‌లో డ్రమ్ముల మధ్య పన్నెండుమందిమి సర్దుకుని, రాత్రి పదింటికి మొదలుపెట్టి తెల్లవారుజామున నాలుగింటికి ముగించేవాళ్లం. అడ్వాన్సు ఇచ్చిన కమిటీ మిగతాది ఎగ్గొడితే అడిగే దిక్కు లేదు. ఒక ఊళ్లో అలాగే జరిగింది. ఆడగొంతు పాటలు పాడే అమ్మాయికీ డ్రైవర్‌కూ మాత్రం ముందు ఇచ్చేసి, మిగిలిన మేం వట్టి చేతులతో ఇళ్లకు వచ్చాం. ఆమెకు ముందు ఇవ్వడం మా బృందంలో నియమం. రాత్రంతా వేదిక మీద నిలబడి ఈలలూ మాటలూ పడేది ఆవిడే.

బేస్ వాయించేవాడికి ఇంకో చిక్కు ఉండేది. పందిళ్లకు కట్టేవి ఇనప హారన్ మైకులు. అవి సుమారు 300 హెర్ట్జ్ దిగువ స్వరాలను పెద్దగా పలికించలేవు. నా తీగల అసలు ధ్వనులన్నీ ఆ కిందివే. ఒకసారి కమిటీ పెద్ద ఒకాయన మా లీడర్‌తో, "ఏమయ్యా, ఆ వెనక కుర్రాడి గిటారు మోగడమే లేదు, అతనికీ డబ్బులివ్వాలా?" అన్నాడు. మా లీడర్, "ఒక్క పాట అతను లేకుండా వినండి బాబుగారూ" అని నన్ను కిందికి దిగమన్నాడు. రెండో చరణం వచ్చేసరికి సింగర్ పాట ఆపి, వెనక్కి తిరిగి నాకోసం చూశాడు. జనానికి వినబడినా వినబడకపోయినా, వేదిక మీద పాడేవాడు ఆ స్వరం మీదే కాలు ఆనించి నిలబడతాడు. ఆ పెద్దాయన మళ్లీ డబ్బుల మాట ఎత్తలేదు.

1990ల మొదట్లో పెద్ద బాక్స్ స్పీకర్లు వచ్చాయి. నా వాయిద్యం ఊరంతటికీ వినబడింది అప్పుడే. విచిత్రమేమిటంటే దాని అవసరం తగ్గడం మొదలైందీ అప్పుడే. 'రోజా' 1992లో, 'ప్రేమికుడు' 1994లో వచ్చాయి. రెహమాన్ గారి రికార్డింగుల్లో కీత్ పీటర్స్ లాంటి గొప్ప బేస్ వాద్యకారులు ఉన్నారు. కానీ యంత్రాలతో పుట్టించిన కింది ధ్వనులు కూడా పాటల్లో పెరిగాయి. వాటిని నాలుగు తీగల మీద తేవడం కష్టం. కీబోర్డు వాయించేవాడు ఎడమచేత్తో నా పని, ఒక మీట నొక్కి డ్రమ్మర్ పని చేయగలిగాడు. పన్నెండుమంది బృందం ఆరుగురైంది.

2000లో కేంద్రం శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు తెచ్చింది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకు కూడదు. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. 2005లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక అమలు గట్టిపడింది. ముసలివాళ్లకు, చంటిపిల్లలకు, పరీక్షలు రాసే పిల్లలకు అది మేలే చేసింది, కాదనను. కానీ మా పని మొదలయ్యేదే పదింటికి. ఆరు గంటల ప్రోగ్రాం రెండు గంటలైతే, పన్నెండుమంది కూలి ఎక్కణ్ణుంచి వస్తుంది? అదే సమయానికి పాట తీసేసిన సంగీతం ట్రాకులుగా దొరకసాగింది. ఇద్దరు సింగర్లు, ఒక కంప్యూటర్ ఉంటే ప్రోగ్రాం అయిపోయింది.

2006లో నేను వాద్యం మూట కట్టేశాను. నాతో వాయించినవాళ్లలో ఒకరు సౌండ్ సిస్టం అద్దెకిస్తున్నారు, ఒకరు ఆటో నడిపారు, ఒకరు పిల్లలకు గిటారు నేర్పుతున్నారు. బేస్ ఇవాళ్టికీ మనుషుల చేతుల్లో మోగుతున్నది మన చుట్టుపక్కల చర్చిల్లో. మా తరం ఎక్కడ మొదలుపెట్టిందో అక్కడే అది నిలిచింది.

ట్రాక్ తప్పు చేయదు, శ్రుతి తప్పదు, నిద్రమత్తు ఎరగదు. అయితే సింగర్ చరణం మరిచిపోతే ట్రాక్ ఆగదు. మేం ఆగేవాళ్లం. అదే వరసను ఇంకోసారి తిప్పి, మాట గుర్తొచ్చేదాకా కాపు కాసేవాళ్లం. ఊరి ఆర్కెస్ట్రా పోవడంతో పోయింది అదీ, దానితోపాటు కొన్ని వందల రాత్రుల కూలీ.

మిత్రులకు ఒక మనవి. మీ నాన్నగారో బాబాయిగారో పందిరి కమిటీలో ఉండి ఉంటే, ఆ పాత జమాఖర్చుల పుస్తకాలు అటకల మీద వెతకండి. ఏ సంవత్సరం ఏ ఆర్కెస్ట్రాను పిలిచారో, ఎంత ఇచ్చారో అందులో ఉంటుంది. ఎవరైనా జనంలో కూర్చుని రికార్డు చేసిన క్యాసెట్లు, వేదిక ఫోటోలు ఉన్నా సంఘం కార్యాలయానికి ఇవ్వండి. ఫోటోలో సింగర్ వెనక, డ్రమ్ముల పక్కన సగమే కనబడే మనిషి ఉంటే దయచేసి కత్తిరించకండి. పేరు తెలిస్తే వెనక రాసి ఇవ్వండి.