మొబిల్ వారి మెథనాల్ పెట్రోలు

1970లలో అమెరికాలోని మొబిల్ కంపెనీ ప్రయోగశాలల్లో రెండు బృందాలు వేరువేరుగా మెథనాల్‌తో కుస్తీ పడుతున్నాయి. ఒకరు దాన్ని ఐసోబ్యూటేన్‌కు అతికించాలని చూశారు. మరొకరు ఆక్సిజన్ ఉన్న ఇంకో సమ్మేళనం చేయాలనుకున్నారు. అనుకున్నది ఇద్దరికీ దక్కలేదు, వచ్చింది మాత్రం పెట్రోలు. పెట్రోలు కంపెనీకి పెట్రోలే అనుకోకుండా దొరకడం తమాషాగానే ఉంటుంది! క్లారెన్స్ చాంగ్, ఆంథొనీ సిల్వెస్ట్రి 1977లో ఈ సంగతిని వివరంగా ప్రచురించారు.

ఈ ఘనత సన్నని రంధ్రాలున్న స్ఫటిక ఉత్ప్రేరకం, జెడ్ఎస్ఎమ్-5 అనే జియోలైట్‌ది. ఆర్గావర్, లాండోల్ట్ పేర్ల మీద దానికి 1972లోనే పేటెంటు వచ్చింది. దాని రంధ్రాల వెడల్పు ఇంచుమించు బెంజీన్ అణువంత. అందుకే అందులో పుట్టిన టోలుయీన్, జైలీన్ బయటికి జారగలవు, అంతకన్నా బాగా పెద్దవి రాలేవు.

రంధ్రం ఒక్కటే చాలదు. సిలికాన్, ఆక్సిజన్ చట్రంలో అక్కడక్కడా సిలికాన్ స్థానంలో అల్యూమినియం కూర్చుంటే అక్కడొక రుణావేశం మిగులుతుంది. దాన్ని సరిచేయడానికి వచ్చిన హైడ్రోజన్ అయానే ఆమ్లంలా పనిచేస్తుంది. అల్యూమినియం మరీ తగ్గితే చర్య ఇథిలీన్, ప్రొపిలీన్ లాంటి ఓలిఫిన్ల దగ్గరే చాలావరకు ఆగిపోతుంది. పెరిగితే ఓలిఫిన్లు ఒకదాని హైడ్రోజన్ మరొకదానికి ఇచ్చుకుంటూ బెంజీన్ తరహా ఏరోమాటిక్ వలయాలుగా ముడుచుకుంటాయి. ఇంకా పెంచితే ఆ వలయాలే పేరుకుని కోక్ అనే మసిగా మారి రంధ్రాలను పూడ్చేస్తాయి.

ప్రయోగశాలలో తేలింది న్యూజిలాండ్‌లో ఫ్యాక్టరీ అయింది. చమురు ధరల దెబ్బ తిన్న ఆ దేశానికి మౌయి సముద్ర క్షేత్రంలో సహజ వాయువు పుష్కలంగా ఉండేది. ఆ వాయువును మెథనాల్‌గా, దాన్ని పెట్రోలుగా మార్చడానికి ప్రభుత్వం, మొబిల్ కలిసి మోటునుయి దగ్గర కట్టిన కర్మాగారం 1985లో మొదలైంది. రోజుకు సుమారు 14,500 బ్యారెళ్లు, అంటే దేశ పెట్రోలు అవసరంలో దాదాపు మూడో వంతు. అయితే మెథనాల్ బరువులో 56 శాతం నీళ్లుగానే పోతుంది. పైగా ఉత్పత్తిలో డ్యూరీన్ అనే ఏరోమాటిక్ ఉంటుంది. అది 79 డిగ్రీల దగ్గర గానీ కరగదు కనుక, ఎక్కువైతే చలికి కార్బురేటర్లో గడ్డకడుతుంది. దాన్ని తగ్గించడానికి విడిగా ఒక యూనిట్ పెట్టారు.

రసాయనశాస్త్రం గెలిచింది, లెక్కలు ఓడాయి. 1986లో చమురు ధర కుప్పకూలింది. 1990ల చివరికి మోటునుయిలో పెట్రోలు తయారీ ఆగి, మెథనాల్‌నే సరుకుగా అమ్మడం మిగిలింది.

2009లో చైనాలోని జిన్‌చెంగ్‌లో బొగ్గు నుంచి తీసిన మెథనాల్‌తో ఈ పద్ధతి మళ్లీ మొదలైంది. ఆ దేశంలో పాలిస్టర్‌కు కావలసిన పారాజైలీన్ కోసం పరిశోధకులు జెడ్ఎస్ఎమ్-5కు జింకు చేర్చారు. ఉత్త ఆమ్లంతో ఒక వలయం పుట్టాలంటే, దాని హైడ్రోజన్‌ను మోసుకుపోవడానికి సుమారు మూడు పారఫిన్ (హైడ్రోజన్ నిండిన) అణువులు తయారవ్వాలి. జింకు ఆ హైడ్రోజన్‌ను వాయువుగా వదిలించి, ఏరోమాటిక్‌ల వాటా పెంచుతుంది. కాకపోతే అధిక వేడికి జింకు తానే ఆవిరై కొద్దికొద్దిగా జారుకుంటుంది. చర్యలో పుట్టే నీటి ఆవిరేమో చట్రంలోని అల్యూమినియాన్ని ఊడబెరుకుతుంది.