పచ్చాకు పేరు పెట్టుకున్న మాత్ర



కడుపుతో ఉన్న అమ్మాయిలకు సర్కారు ఆసుపత్రిలో ఎర్ర మాత్రలు ఇస్తారు, చూసే ఉంటారు. ఐరన్ మాత్ర అంటాం మనం. అందులో ఇనుము 60 మిల్లీగ్రాములు. దానితో పాటు ఫోలిక్ యాసిడ్ అనే విటమిను అర మిల్లీగ్రాము. ఉప్పు రవ్వంత ఉంటుందేమో! ఆ రవ్వంత దాని వెనక ఎంత కథ ఉందో ఇవాళ చెప్పుకుందాం.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. అప్పటికి ఆవిడకు నలభై ఏళ్ళు. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్ళకు నెలలు నిండేకొద్దీ ఒళ్ళు పాలిపోయి, ఆయాసం పట్టుకుని, కాన్పు నాటికి ప్రాణం మీదికొచ్చేది. ఇది మామూలు రక్తహీనత కాదు. పరేల్‌లోని హాఫ్కిన్ సంస్థలో కూర్చుని ఆవిడ మొదట సూక్ష్మజీవుల కోసం వెతికింది. అవి కారణంగా కనబడలేదు. అప్పుడడిగింది, "మీరు రోజూ ఏం తింటారు?" అని. మనం ఇంట్లో అడగవలసిన ప్రశ్న అది, కాదూ? పళ్ళూ, కూరగాయలూ, పాలూ అంతంత మాత్రం అని తేలింది.

ఎలుకలకూ, కోతులకూ ఆ తిండే పెట్టి చూసింది. వాటికీ రక్తం తగ్గింది. బాగా జబ్బుపడిన ఒక కోతికి మార్మైట్ పెడితే తేరుకుంది. మార్మైట్ అంటే బీరు తయారీలో మిగిలే ఈస్టు నుంచి తీసిన నల్లటి లేహ్యం లాంటిది, ఇంగ్లండులో రొట్టెకు రాసుకుంటారు. చవకైన సరుకు. దాన్నే ఆ తల్లులకు పెట్టింది. కొద్ది రోజుల్లోనే మొహాల్లో కళ వచ్చింది! ఆ సంగతి 1931లో వైద్య పత్రికలో అచ్చయింది. ఇంకో చిత్రం. మరో రకం రక్తహీనతకు బ్రహ్మాండంగా పనిచేసే శుద్ధి చేసిన కాలేయ సారం వీళ్ళకు పనిచెయ్యలేదు; శుద్ధి చెయ్యనిదైతే పనిచేసింది. అంటే శుద్ధి చెయ్యడంలో ఏదో జారిపోతోందన్నమాట. ఆ 'ఏదో' ఏమిటో తెలియక దానికి 'విల్స్ ఫ్యాక్టర్' అని పేరు పెట్టుకున్నారు.

పేరు తరవాత కుదిరింది. 1941లో అమెరికాలో టెక్సస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుంచి చిటికెడు పదార్థం తీసి, లాటిను భాషలో ఆకు అనే మాట మీద ఫోలిక్ యాసిడ్ అన్నారు.

ఇక మనవాడి సంగతి. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. గ్రహణి జబ్బుతో అన్నదమ్ములిద్దరు పోయారు. తిన్నది ఒంటబట్టని జబ్బు అది, ఇంగ్లీషులో స్ప్రూ అంటారు. తనకూ అదే వస్తే మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో నయమైంది. (ఈ లక్ష్మీపతిగారి భార్యే, 1946లో మద్రాసు రాష్ట్రానికి ఆరోగ్య మంత్రి అయిన రుక్మిణీ లక్ష్మీపతిగారు.) ఆయన ఆయుర్వేద కళాశాలలోనే కొంతకాలం పాఠాలు చెప్పి, సుబ్బారావుగారు అమెరికా వెళ్ళారు. మళ్ళీ ఈ గడ్డ మీద అడుగుపెట్టలేదు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఎదురుచూస్తూ ఉండిపోయారు. కథలు రాసేవాళ్ళు ఈ ముక్క తొందరగా దాటేస్తారు గాని, నాకు మాత్రం దాటబుద్ధి కాదు.

అక్కడ లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. గ్రహణి జబ్బుకూ అదే మందయింది. అన్నదమ్ములు పోయిన పాతికేళ్ళ తరవాత! 1948లో ఆయన కన్నుమూశారు.

అప్పటికింకా తెలియని సంగతి ఒకటుంది. బిడ్డ వెన్నెముకా మెదడూ తయారయ్యే గొట్టం గర్భం కట్టిన నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. అంటే నెల తప్పిందని మనం లెక్కలు చూసుకునేటప్పటికే! అది సరిగా మూసుకోకపోతే బిడ్డ లోపంతో పుడుతుంది. అంతకుముందు అలాంటి బిడ్డను కన్న తల్లులు గర్భానికి ముందునుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే, ఆ ప్రమాదం నూటికి డెబ్బై వంతులకు పైగా తగ్గుతుందని 1991లో రుజువైంది. అందుకే పిల్లలు కావాలనుకునే అమ్మాయి ముందే మొదలుపెట్టాలంటారు డాక్టర్లు. మూడో నెలలో మొదలుపెడితే రక్తానికి మంచిదే, వెన్నుకు మాత్రం ఆలస్యమైపోయినట్టే.

మరి ఆకుకూర తింటే చాలదా అంటారేమో. తినండి, తోటకూరా, పాలకూరా, పెసలూ, శనగలూ అన్నింట్లోనూ ఉంది. కాని ఇది నీళ్ళలో కరిగిపోయే సరుకు, వేడికి తగ్గిపోయే సరుకు. కూర ఉడకబెట్టి నీళ్ళు పారబోస్తే సగం తూములో పడ్డట్టే. ఆ నీళ్ళు పప్పులో పొయ్యండి. కడుపుతో ఉన్నప్పుడు మాత్రకు బదులు కూర అనుకోవద్దు, రెండూ ఉండాలి.

ఒక్క జాగ్రత్త. శాకాహారులకు బి పన్నెండు విటమిను తక్కువ పడుతుంటుంది. వాళ్ళు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే తెచ్చుకుని నెలల తరబడి మింగితే రక్తం బాగుపడ్డట్టు కనిపించి, నరాల జబ్బు లోలోపల ముదరవచ్చు. కాళ్ళూ చేతులూ తిమ్మిర్లుంటే ముందు రక్తం పరీక్ష చేయించుకోండి. ఇక ఇనుము కలిసిన మాత్రను కాఫీ, టీలతో వేసుకోకండి, ఇనుము ఒంటబట్టదు. నిమ్మకాయ నీళ్ళతో వేసుకోండి. సెలవు.