కొత్త ప్రాసెసర్ మీద లినక్స్ నడవాలంటే ఏం చేయాలి? ‘శక్తి’, ‘వేగ’ చిప్‌లకు కలిసొచ్చిందేమిటి?

దేశీయ ప్రాసెసర్ గురించి వార్త వచ్చినప్పుడల్లా అది ఎన్ని నానోమీటర్లు, ఎన్ని గిగాహెర్ట్జ్ అన్న లెక్కలే ముందు వినిపిస్తాయి. దాని మీద ఏ ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుంది, ఆ సాఫ్ట్‌వేర్‌ను పదేళ్ల తర్వాత ఎవరు చూసుకుంటారు అన్న ప్రశ్నలు మాత్రం వెనకబడిపోతాయి. కానీ చిప్ నాలుగు కాలాల పాటు నిలుస్తుందా, ప్రయోగశాల దాటి బయటకు రాకుండా పోతుందా అన్నది చాలావరకు ఈ ప్రశ్నల మీదే ఆధారపడి ఉంటుంది.

ఆర్కిటెక్చర్ అంటే ఏమిటి?

ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఆదేశాల జాబితానూ, అది పనిచేసే నియమాలనూ కలిపి ఇన్‌స్ట్రక్షన్ సెట్ ఆర్కిటెక్చర్ అంటారు. ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించే ఎక్స్86 ఒక ఆర్కిటెక్చర్. ఫోన్లలో ఉండే ఆర్మ్ మరొకటి. ఒకదాని కోసం తయారైన ప్రోగ్రామ్ రెండోదాని మీద ఉన్నదున్నట్టుగా నడవదు.

ఒకప్పుడు దాదాపు ప్రతి కంప్యూటర్‌కూ దాని సొంత ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది. హైదరాబాద్‌లో 1967లో మొదలైన ఈసీఐఎల్ నుంచి టీడీసీ-12, టీడీసీ-312, టీడీసీ-316 కంప్యూటర్లు వచ్చింది ఆ కాలంలోనే. యంత్రం పాతబడితే దాని కోసం రాసిన సాఫ్ట్‌వేర్‌కూ కాలం చెల్లినట్టే. 1973లో యూనిక్స్ కెర్నల్‌ను సీ భాషలో తిరగరాయడంతో ఈ పద్ధతి మారడం మొదలైంది. 1977లో ఆస్ట్రేలియాలోని వొలాంగాంగ్ విశ్వవిద్యాలయంలో యూనిక్స్‌ను ఇంటర్‌డేటా 7/32 అనే వేరే రకం కంప్యూటర్‌కు మార్చారు. దాదాపు అదే సమయంలో బెల్ ల్యాబ్స్ బృందం ఇంటర్‌డేటా 8/32 మీద ఇదే పని చేసింది. ఇలా మార్చడాన్నే పోర్టింగ్ అంటారు.

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ రాసింది ఇంటెల్ 386 కోసం మాత్రమే. 1995 మార్చిలో వచ్చిన 1.2 వెర్షన్‌తో ఆల్ఫా, స్పార్క్, మిప్స్ ఆర్కిటెక్చర్లు కూడా చేరాయి. ఇప్పుడు కెర్నల్ సోర్స్‌లో ‘ఆర్చ్’ అనే ఫోల్డర్ తెరిస్తే ఒక్కో ఆర్కిటెక్చర్‌కు ఒక్కో విభాగం కనిపిస్తుంది. ఫైల్ సిస్టమ్‌లు, నెట్‌వర్క్, ప్రాసెస్‌లకు సమయం పంచే షెడ్యూలర్ అందరికీ ఉమ్మడి. కొత్తగా వచ్చేవాళ్లు ప్రధానంగా తమ విభాగం రాసుకుంటే చాలు.

ఆ విభాగంలో ఏమేం ఉండాలి?

అన్నిటికన్నా ముందు కంపైలర్ సిద్ధంగా ఉండాలి. సీ భాషలో ఉన్న కెర్నల్‌ను కొత్త ప్రాసెసర్ భాషలోకి మార్చే జీసీసీ వంటి సాధనం లేకపోతే మొదటి అడుగే పడదు. ఆ తర్వాత రాయాల్సినవి ఇవి:

బూట్ కోడ్: కరెంటు వచ్చాక ఫర్మ్‌వేర్ నుంచి పగ్గాలు అందుకునే మొదటి కొన్ని వరుసలు. వీటిని అసెంబ్లీలోనే రాస్తారు. అప్పటికి స్టాక్ కూడా సిద్ధంగా ఉండదు.

మెమరీ నిర్వహణ: ప్రోగ్రామ్ వాడే చిరునామాను అసలు ర్యామ్ చిరునామాగా మార్చే పేజీ టేబుళ్లు. రిస్క్-ఫైవ్‌లో ఎస్‌వీ39 అనే పద్ధతిలో ఇవి మూడు అంచెలుగా ఉంటాయి. ఒక్కో పేజీ 4 కిలోబైట్లు.

ట్రాప్‌లు, సిస్టమ్ కాల్స్: ప్రోగ్రామ్ కెర్నల్ సాయం అడిగినా, తప్పుడు చిరునామా తాకినా, పరికరం నుంచి పిలుపు వచ్చినా ప్రాసెసర్ దూకే చోటు ఇదే. కొత్త ఆర్కిటెక్చర్లు పాత సిస్టమ్ కాల్స్ అన్నిటినీ మోయనక్కర్లేదు. రిస్క్-ఫైవ్ లినక్స్‌లో ‘ఓపెన్’, ‘ఫోర్క్’ అనే కాల్స్ అసలు లేవు. వాటి పనిని ‘ఓపెన్ఎట్’, ‘క్లోన్’ చేస్తాయి.

కాంటెక్స్ట్ స్విచ్: ఒక ప్రోగ్రామ్ రిజిస్టర్లను దాచిపెట్టి, మరో ప్రోగ్రామ్‌వి తెచ్చిపెట్టడం. కోడ్ చిన్నదే అయినా, ఒక్క రిజిస్టర్ మరిచిపోతే తప్పు ఎక్కడో సంబంధం లేని చోట బయటపడుతుంది.

మెమరీ క్రమం: చాలామందిని తిప్పలు పెట్టేది ఇదే. ఒక కోర్ వరుసగా రాసిన రెండు విలువలు రెండో కోర్‌కు అదే వరుసలో కనిపిస్తాయన్న హామీ ఎక్స్86లో ఉంటుంది. ఆర్మ్, రిస్క్-ఫైవ్‌లలో ఆ హామీ లేదు. క్రమం అవసరమైన ప్రతిచోటా ‘ఫెన్స్’ వంటి ఆదేశం పెట్టాలి. ఒకటి తప్పిపోయినా యంత్రం రోజుల తరబడి బాగానే నడిచి, ఒకనాడు కారణం తెలియకుండా ఆగిపోవచ్చు.

టైమర్, ఇంటరప్ట్ కంట్రోలర్: ఇవి లేకపోతే షెడ్యూలర్‌కు కాలం తెలియదు, డిస్క్ పిలిచినా కెర్నల్‌కు వినిపించదు.

రిస్క్-ఫైవ్ అనుభవం

రిస్క్-ఫైవ్ 2010లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఈ ఆదేశాల జాబితాను వాడుకోవడానికి ఎవరికీ లైసెన్స్ ఫీజు కట్టనక్కర్లేదు. జీసీసీ 2017లో దీనికి మద్దతు ఇచ్చింది. 2018 జనవరిలో వచ్చిన లినక్స్ 4.15లో రిస్క్-ఫైవ్ విభాగం చేరింది. దాని నిర్వహణ బాధ్యతను పామర్ డాబెల్ట్ చేపట్టారు.

అయితే ‘చేరింది’ అంటే ‘పూర్తయింది’ అని కాదు. టైమర్, ఇంటరప్ట్ కంట్రోలర్‌ల డ్రైవర్లు 2018 అక్టోబర్ నాటి 4.19 వెర్షన్‌లో గానీ రాలేదు. అప్పటిదాకా అసలు బోర్డు మీద పూర్తిగా నడపాలంటే బయటి నుంచి ప్యాచ్‌లు తెచ్చుకోవాల్సిందే.

శక్తి, వేగలకు కలిసొచ్చింది ఇక్కడే

చెన్నైలోని ఐఐటీ మద్రాస్‌లో ప్రొఫెసర్ వి.కామకోటి బృందం ‘శక్తి’ ప్రాసెసర్లను, సీ-డాక్ ‘వేగ’ ప్రాసెసర్లను రూపొందించాయి. రెండూ రిస్క్-ఫైవ్‌నే ఎంచుకున్నాయి. 2018లో ఇంటెల్ 22 నానోమీటర్ల టెక్నాలజీతో తయారైన శక్తి చిప్ మీద లినక్స్ బూట్ అయింది. కేంద్ర ప్రభుత్వం 2022 ఏప్రిల్‌లో ప్రకటించిన డిజిటల్ ఇండియా రిస్క్-ఫైవ్ కార్యక్రమం ఈ రెండు ప్రయత్నాలనూ ఒక గొడుగు కిందకు తెచ్చింది. శక్తి ఆధారంగా ఇస్రోతో కలిసి రూపొందించిన ‘ఐరిస్’ చిప్‌ను 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు.

ఈ బృందాలు సొంతంగా ఓ కొత్త ఆదేశాల జాబితా సృష్టించుకుని ఉంటే, పైన చెప్పుకున్న పనంతా మొదటి నుంచీ చేయాల్సి వచ్చేది. కంపైలర్, కెర్నల్, లైబ్రరీలు, ఆపైన వేల ప్యాకేజీలు. చైనాకు చెందిన లూంగ్‌సన్ ఆ దారిలోనే వెళ్లింది. లూంగ్‌ఆర్చ్ అనే సొంత ఆర్కిటెక్చర్‌ను తెచ్చి, 2022లో లినక్స్ 5.19లో చేర్పించగలిగింది. అది అసాధ్యమేమీ కాదు, కానీ సంవత్సరాల తరబడి మనుషులను, డబ్బును పెట్టాలి.

రిస్క్-ఫైవ్ బాటలో ఉన్నవారికి మిగిలే పని వేరు. తమ బోర్డులో ఏ పరికరం ఏ చిరునామాలో ఉందో చెప్పే ‘డివైస్ ట్రీ’ రాయాలి. తమ సొంత పరికరాలకు డ్రైవర్లు రాయాలి. ఆ చిప్‌లో మెమరీ నిర్వహణ యూనిట్ ఉందో లేదో కూడా చూసుకోవాలి. అది లేని చిన్న మైక్రోకంట్రోలర్లకు మామూలు లినక్స్ బదులు ఫ్రీఆర్‌టోస్, జెఫైర్ వంటివి సరిపోతాయి.

చేర్చడం కంటే నిలబెట్టుకోవడం కష్టం

కెర్నల్‌లోకి వెళ్లిన కోడ్ శాశ్వతం కాదు. 2018 జూన్‌లో వచ్చిన లినక్స్ 4.17 నుంచి బ్లాక్‌ఫిన్, టైల్ సహా ఎనిమిది ఆర్కిటెక్చర్లను ఒకేసారి తీసేశారు. వాటిని వాడేవారు, చూసుకునేవారు లేకపోవడమే కారణం. ఇంటెల్ వంటి సంస్థ వెనక ఉన్న ఇటానియమ్‌కూ అదే గతి పట్టింది. 2021లో చిప్‌ల సరఫరా ఆగింది, 2024 జనవరి నాటి 6.7 వెర్షన్‌లో దాని కోడ్ పోయింది.

ఉమ్మడి భాగంలో ఏ మార్పు జరిగినా ప్రతి ఆర్కిటెక్చర్ మీదా పరీక్షించాలి. పరీక్షించే మనిషి, నడిపే యంత్రం రెండూ ఉండాలి. రిస్క్-ఫైవ్ విభాగాన్ని ప్రపంచవ్యాప్తంగా అనేక సంస్థలు కలిసి మోస్తున్నాయి కాబట్టి ఆ భారం మన బృందాల మీద ఒక్కసారిగా పడదు. కానీ మన చిప్‌ల డివైస్ ట్రీలను, డ్రైవర్లను చూసుకోవాల్సింది మనమే. వాటిని ప్రధాన కెర్నల్‌లోకి పంపకుండా విడి కాపీలో దాచుకుంటే, కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ అతికించుకోవాలి. అతికించేవాళ్లు ఉద్యోగం మారితే ఆ బోర్డు పాత కెర్నల్ దగ్గరే, పాత భద్రతా లోపాలతోనే ఆగిపోతుంది.

అందుకే ఇకపై దేశీయ చిప్ వార్త చదివినప్పుడు రెండు విషయాలు చూడండి. దాని డ్రైవర్లు ప్రధాన లినక్స్‌లో ఉన్నాయా? వాటి పక్కన నిర్వహణ బాధ్యుడిగా ఎవరి పేరైనా ఉందా? ఈ రెంటికీ అవునన్న జవాబు వస్తే ఆ చిప్ చాలా దూరం వచ్చినట్టే.