రోపణం: పుండు మాన్పే మందుకు పాత పేరు

గాయాలను మాన్పే మందులకు ఆయుర్వేద గ్రంథాలలో ‘వ్రణరోపణం’ అని పేరు. వ్రణం అనగా పుండు. రోపణానికి మూలం ‘రుహ్’ అనే సంస్కృత ధాతువు. మొలచు, పెరుగు అని దాని అర్థం. మొక్క నాటడమూ రోపణమే, పుండులో కొత్త కండ మొలిపించడమూ రోపణమే. (మనం ఒకరిపై మోపే ‘ఆరోపణ’ కూడా ఈ ధాతువు సంతానమే!) సుశ్రుత సంహితలో ముందు శోధనం, అనగా పుండును శుభ్రపరచడం, ఆ తరువాతనే రోపణం. మనవారు మరచేది ఈ వరుసనే.

మూకండపల్లి ప్రాంతపు ఇళ్లలో ఈ సంస్కృత పదం వినబడదు. తెలుగువారికి పుండు మానుతుంది, తమిళులకు పుణ్ ఆరుతుంది, కన్నడిగులకు హుణ్ణు మాయుతుంది. పుండు, పుణ్, హుణ్ణు ఒకే ద్రావిడ మూలం నుండి పుట్టినవి. ‘గాయం’ మాత్రం సంస్కృత ‘ఘాత’ శబ్దం ప్రాకృతం మీదుగా మారిన రూపం.

గట్ల మీద పెరిగే గడ్డి చామంతిని తమిళంలో ‘వెట్టుక్కాయ పూండు’ అంటారు. కోతగాయపు మొక్క అని అర్థం. పేరు ప్రాచీనంగా తోచినా మొక్క అమెరికా ఖండం నుండి వచ్చినది, సుశ్రుతుడు ఎరుగడు. చిన్న గీతలకు దాని పసరు పిండడం పల్లెల వాడుక. సిప్కాట్ కర్మాగారంలో రేకు లోతుగా కోసినా, తుప్పు మేకు గుచ్చుకున్నా పసరు పనికిరాదు. వెంటనే సబ్బు, ధారాళమైన నీటితో కడిగి, ధనుర్వాతపు సూది కోసం ఆసుపత్రికి వెళ్లాలి.